గజ్జెలు వినపడని క్యాసెట్లు

తొమ్మిదేళ్ల కిందట, ఫిబ్రవరి రెండో సోమవారం, జిల్లా ఆసుపత్రి చెవి విభాగం నుంచి నన్ను తాడిపత్రికి రెండు వారాల వినికిడి శిబిరం డ్యూటీ మీద పంపారు. నా హోదా ఆడియోమెట్రీ టెక్నీషియన్, అంటే వినికిడి కొలిచేవాణ్ణి. చెవికి వైద్యం చేసేది డాక్టరు. ఆ చెవికి ఎంత వినపడుతోందో అంకెల్లో రాసిచ్చేది నేను. బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల కార్మికులను పరీక్షించి, మొదటి జాబితా శనివారం సాయంత్రానికి మా డాక్టరమ్మకు అందజేయాలి.

ఆ జాబితాకు ఉన్న బరువు మొదట చెప్పాలి. వినికిడి తగ్గిందని తేలినవాణ్ణి కటింగ్ మిషను దగ్గర నుంచి తప్పించి చప్పుడు తక్కువ ఉండే చోట వేస్తారు. బాగుందని తేలినవాడు మళ్లీ శిబిరం పెట్టేదాకా, అంటే ఇంకో రెండేళ్లు, ఆ మిషను పక్కనే ఉంటాడు. చప్పుడుకు పోయిన వినికిడి తిరిగి రాదు. కాబట్టి నేను ఒక అంకె తప్పు రాస్తే దాని ఫలితం మనిషి చెవిలో రెండేళ్లపాటు జరుగుతుంది.

పరీక్షకు నిశ్శబ్దమైన గది కావాలి. రైళ్లు, లారీలు, రంపాలు ఉన్న ఊళ్లో అది దొరకడం కష్టం. చప్పుడు కొలిచే మీటరు పట్టుకుని ఒక పూటంతా తిరిగాను. చివరకు ఒక వేరుశనక్కాయల గోదాము దొరికింది. నాలుగు వైపులా పైకప్పు దాకా మూటలు. మీటరు ముప్పై నాలుగు డెసిబెల్లు చూపించింది. మా ఆసుపత్రి గది కంటే అది నయం. మూటల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించుకున్నాను.

పరీక్ష పద్ధతి సులభం. మనిషి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, అతని వీపు నా వైపు ఉండేలా కూర్చోబెడతాం. ఆడియోమీటర్ అనే మిషను మీట నొక్కి ఒక స్థాయి శబ్దం రెండు సెకన్లు వినిపిస్తాం. వినపడితే వేలు ఎత్తాలి. ఎత్తిన కొద్దీ శబ్దం తగ్గించుకుంటూ పోతాం. ఎంత తక్కువ దాకా వేలు లేస్తుందో అదే ఆ చెవి హద్దు. శిబిరంలో పదిహేను డెసిబెల్ల దగ్గర ఆపేవాళ్లం. అక్కడికి వేలు లేస్తే చెవి మంచిదే అని లెక్క. మంద్ర శబ్దాల నుంచి కీచు శబ్దాల దాకా ఐదు రకాలు ఇలా చూడాలి. మిషన్ల చప్పుడు మొదట తినేది నాలుగో రకాన్ని, సెకనుకు నాలుగు వేల కంపనాలు ఉండే సన్నని శబ్దాన్ని. మనిషి మాట అప్పటికి బాగానే వినపడుతుంది. అందుకే వినికిడి పోతోందని ఎవరికీ తెలియదు.

నేను ఇంటర్ దాకానే చదివాను. డెసిబెల్ వెనక ఉన్న సంవర్గమానాలు పాత పుస్తకాల అంగట్లో కొన్న లెక్కల పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాను. చేతి గడియారం అవసరం లేకుండా సెకన్లు లెక్కపెట్టగలను. రెండు సెకన్లు శబ్దం, మూడు సెకన్లు విరామం, రకం మార్చేటప్పుడు డయల్ తిప్పడానికి ఇంకో ఐదు. ఒక్కో మనిషికి ఏడు నిమిషాలు, పూటకు ఇరవై మంది. ఆ నిలకడ చూసి డాక్టరమ్మ కూడా మెచ్చుకునేది.

బుధవారం ఉదయం సుంకన్న వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. కటింగ్ మిషను మీద పదకొండేళ్లుగా ఆపరేటరు. ఆ షెడ్డులో చప్పుడు తొంభై ఎనిమిది డెసిబెల్లు. ఫ్యాక్టరీల నిబంధన ప్రకారం అంత చప్పుడులో రోజుకు రెండు గంటల నలభై నిమిషాలకు మించి ఉండకూడదు. అతను ఉండేది ఎనిమిది గంటలు. ఎన్నేళ్ల పనికి ఎంత వినికిడి పోతుందో నేను సొంతంగా ఒక పట్టిక వేసుకున్నాను. దాని ప్రకారం సుంకన్నకు నాలుగు వేల దగ్గర హద్దు నలభై దాటాలి. పదిహేను వచ్చింది. రెండు చెవులకూ, ఐదు రకాలకూ పదిహేనే. కొందరి చెవులు గట్టివని డాక్టరమ్మ ఒకసారి అన్నది గుర్తొచ్చి, ‘సాధారణం’ అని రాసి సంతకం పెట్టాను.

సుంకన్న లేచి హెడ్‌ఫోన్ తీసి చేతిలో తిప్పి చూస్తూ, ఇంత మంచి దాంట్లో తన క్యాసెట్టు ఒకటి విని చూడొచ్చా అని అడిగాడు. ఊళ్లో ఒక రికార్డింగ్ షాపు మూతపడినప్పుడు అక్కడ మిగిలిన సరుకంతా తెచ్చుకున్నాడట. నూట ముప్పై ఆల్బములు. ఆదివారం మధ్యాహ్నం ఒకటి చొప్పున వింటాడు, విన్నాక నోటుబుక్కులో రెండు మూడు మాటలు రాసి పదికి మార్కులు వేస్తాడు. ఈ మధ్య అవి ఒక్కొక్కటే మసకబారుతున్నాయట. టేపురికార్డరు బెల్టు రెండుసార్లు మార్పించాడు, హెడ్డు స్పిరిట్‌తో తుడిచాడు, లాభం లేదు.

మా ఆడియోమీటర్ మిషనుకు బయటి టేపురికార్డరు తగిలించుకునే వీలుంది. మాటలు వినిపించి చేసే పరీక్ష కోసం అది పెట్టారు. ముందు ఆ నోటుబుక్కు చూపించమన్నాను. మార్కులన్నాడు కాబట్టి నాకు ఆసక్తి పుట్టింది.

గురువారం తెచ్చిచ్చాడు. నేను పాటలు వినే మనిషిని కాను, అయినా ఆ రాత మొదలుపెడితే వదల్లేకపోయాను. ఒక సన్నాయి ఆల్బమ్ గురించి: “ఈయప్ప ఊపిరి యాడ తీసుకుంటాడో ఆరుసార్లు ఇని చూసినా, దొరకలే. తొమ్మిది.” గజళ్ల ఆల్బమ్: “మాటకూ మాటకూ నడుమ ఊరకుంటాడే, ఆ ఊరకుండేదే బాగుండాది. తొమ్మిదిన్నర.” చర్చి పాటలు: “అందరూ కలిసి పాడేది. ఎవురూ ముందుకు రారు. ఎనిమిదిన్నర.” అట్ట పోయిన ఒక విదేశీ ఆల్బమ్: “ఇంగ్లీషోళ్ల బూర. ఏడస్తాండాడో నగుతాండాడో తెల్దు. ఆపబుద్ధి కాదు. ఎనిమిది.” నాటక పద్యాలకు మాత్రం ఆరే: “రాగం లాగినాడు, లాగినాడు, నేను అన్నం తిని వచ్చినా ఇంకా లాగతానే ఉండాడు.”

కొన్నిటిని ఏళ్ల తర్వాత మళ్లీ విని మళ్లీ మార్కులు వేశాడు. అక్కడ నా చూపు ఆగింది. సంతూర్ ఆల్బమ్‌కు మొదట తొమ్మిది: “రేకుల మీద వడగండ్లు పడినట్టు.” నాలుగేళ్ల తర్వాత ఐదు: “వడగండ్లు లేవు. మబ్బు ఉండాది.” చెక్కభజన ఆల్బమ్‌కు మొదట పదికి పది: “గజ్జెలు మన ఇంట్లోనే ఎగరతాండాయి.” తర్వాత ఆరు: “గజ్జెలు ఎవురో ఇప్పి పక్కన పెట్టినట్టుండాది. టేపు పాడాయ.” డప్పుల ఆల్బమ్‌కు మాత్రం అప్పుడూ ఎనిమిది, ఇప్పుడూ ఎనిమిది.

రెండుసార్లు విన్నవి ముప్పై ఒకటి. వాటిని రెండు కుప్పలుగా రాసుకున్నాను. గజ్జెలు, తాళాలు, సన్నని తీగల వంటివి ఉన్నవి పద్నాలుగు. వాటికి సగటున మూడు మార్కులు తగ్గాయి. తక్కిన పదిహేడింటికి అర మార్కు కూడా తగ్గలేదు. సన్నని శబ్దాలే పోయాయి, లావు శబ్దాలు నిలిచాయి. అది అచ్చంగా షెడ్డు చప్పుడు చెవిని తినే తీరు. కానీ నేను సంతకం పెట్టిన కాగితం ఆ చెవులు మంచివంటోంది.

వెంటనే తేల్చడానికి వీల్లేదు. టేపు పాతబడినా మొదట పోయేది సన్నని శబ్దమే. అంటే సుంకన్న మాటే నిజం కావచ్చు. అందుకని శుక్రవారం సాయంత్రం అతని ఇంటికి వెళ్లాను.

సుంకన్న చెక్కభజన క్యాసెట్టు పెట్టాడు. నాకు గజ్జెలు బాగానే వినపడ్డాయి. అయినా అది ఎంత తగ్గిందో చెప్పడానికి కొత్తలో నేను వినలేదు కదా. అతని భార్య ఓబులమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఆమె మొదటి నుంచీ వింటున్న మనిషి. గజ్జెలు ఇప్పుడు తగ్గాయా అని ఆమెను అడిగాను.

“యాడ తగ్గినాయి సార్, వచ్చిన దినం ఎట్లుండాయో అట్లే ఉండాయి” అంది. “ఈయప్పకే వినపడవు. ఆ మాట చెప్తే, నీకు సంగీతం తెల్దు ఊరకుండు అంటాడు. చిక్కుడుకాయలు గిల్లేదానికి సంగీతమెందుకులే అని నేనూ ఊరకుండా.”

“గిల్లు, గిల్లు” అన్నాడు సుంకన్న. “నిన్న సాంబార్లో అంతా నారే.”

టేపు సంగతి ఓబులమ్మ తేల్చింది. మరి పదిహేను ఎలా వచ్చింది? దానికి జవాబు సుంకన్న వేలు ఇచ్చింది. పాట వింటూ అతను చూపుడు వేలితో తొడ మీద తాళం వేస్తున్నాడు. ఒకచోట చెక్కలు, గొంతులు అన్నీ ఒక్కసారిగా ఆగి, కాస్త ఆగి మళ్లీ ఎత్తుకుంటాయి. ఆ ఖాళీలో కూడా వేలు ఆగలేదు. సరిగ్గా పాట ఎత్తుకునే చోట లేచింది. వినపడ్డాక కాదు, వినపడకముందే లేచింది.

రెండు, మూడు, మళ్లీ రెండు, మూడు. నేను అంత నిలకడగా నొక్కిన శబ్దాలను అతను వినాల్సిన అవసరమే లేదు. మొదటి రెండు రకాలు నిజంగా విని నా నడక పట్టుకున్నాడు. తర్వాత ఏమీ వినపడకపోయినా ఆ నడకలోనే వేలు ఎత్తుకుంటూ పోయాడు. నేను కొలిచింది అతని చెవిని కాదు, అతని లయజ్ఞానాన్ని. మిషనుకు ఏటా సరిచూసినట్టు సర్టిఫికెట్ ఉంది. దాని మీట నొక్కే చేతిని ఎవరూ సరిచూడలేదు.

శనివారం ఉదయం షిఫ్టుకు ముందే అతన్ని మళ్లీ గోదాముకు పిలిచాను. పద్నాలుగు గంటలు చప్పుడుకు దూరంగా ఉన్నాకే పరీక్ష చేయాలి, కనుక ఉదయమే సరైన వేళ. విరామాలు ఈసారి నా తలలోంచి రాకూడదు. ఏ మనిషి తలలోంచి వచ్చినా ఏదో ఒక నడక పడుతుంది. ముందురోజు రాత్రే, సుంకన్న ఇంటి నుంచి వస్తూ, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి వచ్చిపోయే లారీల నంబర్లలో చివరి అంకెలు వరుసగా రాసుకున్నాను. ఏడు, రెండు, తొమ్మిది, తొమ్మిది, మూడు... అవే నా విరామాలు. మధ్యలో ఒక్కో చెవికి మూడు చోట్ల అసలు శబ్దమే ఇవ్వకూడదని గీత పెట్టుకున్నాను.

హెడ్‌ఫోన్ పెట్టి మొదలుపెట్టాను. కొద్దిసేపటికి మొదటి ఖాళీ వచ్చింది. నేను మీట మీద చెయ్యి కూడా పెట్టలేదు. సుంకన్న వేలు లేచింది. రెండో ఖాళీలోనూ లేచింది. అప్పటిదాకా రాసింది కొట్టేసి, తాళం వేయవద్దని, నిజంగా వినపడితేనే ఎత్తమని నచ్చచెప్పి మొదటి నుంచి మళ్లీ చేశాను. ఈసారి ఖాళీల్లో వేలు కదల్లేదు. నాలుగు వేల దగ్గర కుడి చెవి హద్దు అరవై, ఎడమ చెవి అరవై ఐదు.

ఎందుకలా ఎత్తావని అడిగాను. కటింగ్ మిషను నుంచి తీసేస్తారని భయపడి చేశాడేమో తెలుసుకోవాలి. అతని మొహంలో దొంగతనం ఏమీ లేదు.

“మీరు ఎత్తుకున్న తాళం నడమ నేనెట్ల ఇడుస్తా సార్” అన్నాడు. “వినపడినట్టే ఉణ్ణింది.”

అప్పుడు అతను వెంట తెచ్చిన టేపురికార్డరును మిషనుకు తగిలించి, చెక్కభజన క్యాసెట్టు పెట్టి, సన్నని శబ్దాలను మాత్రం కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. ఒకచోట అతని వీపు నిటారుగా అయింది. గజ్జెలు వచ్చాయన్నాడు. అది ఎంత పెంచితే వచ్చిందో చూపించి, పెంచకుండా అతను ఇన్నాళ్లూ విన్నదేమిటో మళ్లీ వినిపించి, తేడా అంకెల్లో చెప్పాను. టేపులన్నీ బాగానే ఉన్నాయా అని ఒక్క ప్రశ్న అడిగాడు. అన్నీ బాగున్నాయన్నాను. నా పెన్ను అడిగి తీసుకుని, నోటుబుక్కులో తగ్గించిన మార్కుల పక్కన పద్నాలుగు చోట్లా ‘టేపు కాదు, చెవి’ అని రాశాడు.

నాకు ఇంకో పని మిగిలింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను పరీక్షించినవాళ్లు తొంభై ఆరుగురు. అందరికీ అదే నడక. సాయంత్రం జాబితా ఇవ్వకుండా డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె కడప వైపు మనిషి, మాట నేరుగా ఉంటుంది.

“ఎన్ని నమ్మొచ్చు?” అంది.

ఏవి నమ్మొచ్చో తెలియదు కాబట్టి ఒక్కటీ నమ్మకూడదన్నాను. తప్పు మిషనుదా, నాదా అని అడిగింది. నాదన్నాను. ఆ మాటే కాగితం మీద రాసి పంపమని, పరీక్షలన్నీ మళ్లీ చేయమని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ కాగితం నా సర్వీసు ఫైల్లో చేరింది. శిబిరం ఒక వారం పెరిగింది. మళ్లీ చేస్తే తొమ్మిది మందికి ఫలితం మారింది. సుంకన్న ఒకడు, మరో నలుగురు భజన బృందాల వాళ్లు, తక్కిన నలుగురు ఎలా పట్టుకున్నారో తెలియలేదు. తొమ్మిది మందినీ కటింగ్ షెడ్డు నుంచి తప్పించారు.

సుంకన్నను బండలకు రంగుతో నంబర్లు వేసే పనికి మార్చారు. ఆ పని అతనికి నచ్చలేదు. బండకు నంబరు వేయడానికి ఆపరేటరెందుకని ఫోర్‌మన్‌తో చాలాకాలం గొణిగాడట. రెండేళ్ల తర్వాత శిబిరంలో మళ్లీ నా దగ్గరే కూర్చున్నాడు. అరవై, అరవై ఐదు. ఒక్క డెసిబెల్ కూడా దిగజారలేదు. నోటుబుక్కులో కొత్తగా ఒక గడి గీసుకున్నాడు. ఆల్బమ్ విన్నాక తన మార్కు వేసి, పక్కన ఓబులమ్మను అడిగి ఆమె మార్కు కూడా వేస్తున్నాడు. నాటక పద్యాలకు ఆమె తొమ్మిది వేసింది.

యాభై మూడో ఏట స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా నేను మరో నాలుగు వేలకు పైగా పరీక్షలు చేశాను. ప్రతిసారీ బల్ల మీద లారీ నంబర్ల కాగితం ఉండేది, ఒక్కో చెవికి మూడు ఖాళీలు ఉండేవి. నా తర్వాత వచ్చిన టెక్నీషియన్‌కు మిషనుతో పాటు ఆ కాగితమూ అప్పగించి, ఒక్కటే చెప్పాను. శబ్దం ఇచ్చినప్పుడు వేలు లేవడం సాక్ష్యం కాదు. శబ్దం ఇవ్వనప్పుడు లేవకుండా ఉంటేనే తక్కిన అంకెలు నమ్మాలి.