ఏమీ వేయని మడి

మా విశ్వవిద్యాలయం నెలనెలా ఒక పత్రిక వేస్తుంది. అందులో నాలుగు పేజీలు విజయాలకే. ఏ మాస్టారికి అవార్డు వచ్చింది, ఎవరి పేపరు అచ్చయింది, ఏ విద్యార్థికి ఏ కంపెనీలో ఉద్యోగం దొరికింది, అన్నీ ఫొటోలతో సహా వేస్తారు. విశ్వవిద్యాలయం పేరు చెప్పను, ఊరూ చెప్పను. వ్యవసాయ విభాగంలో ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, తెనాలిలో కాపురం. అంతవరకు చాలు.

ఆ పేజీలు నేను చదివే తీరు వేరు. ఫలానా ఆయన ఏడాదిలో తొమ్మిది పేపర్లు రాశాడంటే, ఎవరి చేత రాయించాడా అనిపిస్తుంది. ఫలానా ఆవిడకి ఉత్తమ ఉపాధ్యాయురాలు బిరుదంటే, ఆ బిరుదిచ్చిన సంఘానికి అసలు ఆఫీసుందా అని ఆరా తీస్తాను. బెండకాయ తోక విరిచి చూసినట్టు మనుషుల్ని కూడా విరిచి చూస్తానని మా ఆవిడ దెప్పుతుంది. ముదురువి తగిలాయి కాబట్టే విరుస్తున్నానంటాను.

ఒక్క ఫొటోని మాత్రం నేను విరిచి చూడలేదు. అందులో ఉన్నది నేను. బాపట్లలో సభ, మెడలో దండ, భుజం మీద శాలువా, చేతిలో ఉత్తమ పరిశోధకుడి జ్ఞాపిక.

ఆ అవార్డు తెచ్చిపెట్టింది అమృతలూరు దగ్గర ఒక మొక్కజొన్న చేను. వరి కోసిన పొలంలో దున్నకుండానే మొక్కజొన్న పెట్టడం మా వైపు మామూలే. దానికి నేనొక జీవన ఎరువు తయారు చేశాను. అది పనిచేస్తుందని రుజువు కావాలంటే పక్కపక్కనే మళ్లు వేసి, ఒకదానికి మా ఎరువు వేయాలి, పక్కదానికి ఏమీ వేయకూడదు. ఏమీ వేయని మడి పాలిపోయి, దాని కంకి చిన్నదైతేనే మా ఎరువు గొప్పతనం బయటపడేది. మొదటి ఏడాది ఈ పని నా విద్యార్థి ఒకతను చేశాడు. మాటకారి, చురుకైనవాడు. కంకుల బరువుల్లో తేడా నేను ఎంత కోరుకున్నానో అంతా వచ్చింది. దాంతో పేపరు అచ్చయింది, నాకు శాలువా కప్పారు, అతను విత్తనాల కంపెనీలో చేరిపోయాడు.

రెండో ఏడాది అదే చేలో అదే పని ఒక అమ్మాయికి అప్పగించాను. చీరాల పక్క ఊళ్లో మగ్గం నేసే ఇంటి పిల్ల. తక్కువ మాట్లాడుతుంది, చూపు మాత్రం నేరుగా ఉంటుంది. పంట కోశాక అంకెలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చూసి నా ఒళ్లు మండింది. ఎరువు వేసిన మడికీ వేయని మడికీ తేడానే లేదు.

"పొలానికి ఎన్నిసార్లు వెళ్లావమ్మా?" అన్నాను.

"పదకొండుసార్లు సార్."

పొలం పుస్తకం తెరిచి చూపించింది. ప్రతి పేజీలోనూ ఆ రోజు బస్సు టికెట్టు అంటించి ఉంది. దానితో నా అనుమానం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. నిజంగా వెళ్లినవాళ్లు టికెట్లు ఎందుకు దాచుకుంటారు? ఎప్పుడో ఒకరోజు ఎవరో అడుగుతారని ముందే తెలిస్తేనే కదా! హాస్టల్లో కూర్చుని, ఒక మడి అంకెలే అటూ ఇటూ మార్చి రెండో మడికి రాసిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. పుస్తకం మూడుసార్లు తిరగేశాను. ఒక్క తప్పు దొరకలేదు. అది కూడా అనుమానంగానే తోచింది.

"దీని మీద నేను సంతకం పెట్టను," అన్నాను.

నెలాఖరులోగా నా సంతకంతో థీసిస్ ఇవ్వకపోతే ఆమెకి వచ్చిన పీహెచ్‌డీ సీటు పోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు.

"మా ఇంట్లో పోగు తెగితే ముడేస్తారండి, తెగలేదని చెప్పరు. పొలానికి రండి సార్. ఆ చేను గల పెద్దమ్మనే అడుగుదాం," అంది.

మర్నాడు తెనాలిలో బస్సెక్కి ఇద్దరం అమృతలూరు వైపు వెళ్లాం. దారంతా ఆ పిల్ల ముఖం గమనిస్తూనే ఉన్నాను. రైతుకి ముందే ఫోన్ చేసి చెప్పి ఉంటుందా అని కూడా ఆలోచించాను. దిగిన బస్టాపుకి ఎదురుగానే ఆ చేను. దాని యజమానురాలు అరవై దాటిన మనిషి, రోడ్డు పక్కన పట్టా పరిచి మొక్కజొన్న ఆరబోస్తోంది.

నేను సూటిగానే అడిగాను. "ఏమీ వేయొద్దన్న మళ్లకి ఏమన్నా వేశారా అండి?"

ఆమె నవ్వేసింది. "వేయక ఏం చేయమంటారండి? ఎదురుగా బస్టాపు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందరి కళ్లూ నా చేను మీదే. పచ్చటి చేలో మధ్యమధ్య పాలిపోయిన ముక్కలు. 'ఏంటి పిన్నీ, ఓపిక లేకపోతే కౌలుకివ్వరాదా' అని అడిగారండి నన్ను. నలభయ్యేళ్లు వ్యవసాయం చేసినదాన్ని, సిగ్గేసింది. రెండుసార్లు పొద్దున్నే వచ్చి మొదళ్లలో గుప్పెడు గుప్పెడు యూరియా వేశాను. ఆ పైరు ఆకలితో ఉంటే నా కంటికి ఎట్లా ఉంటుందండి?"

"నాకు చెప్పలేదేం పెద్దమ్మా?" అంది అమ్మాయి.

"నువ్వు ఆకులు కూడా లెక్కపెడతావు తల్లీ, నిన్ను చూస్తే భయమేసింది. పోయినేడు వచ్చిన అబ్బాయికయితే చెప్పాను. ఏం పర్లేదు, నేను చూసుకుంటాలే పెద్దమ్మా అన్నాడు."

నేను వెంటనే అందుకున్నాను. "పోయినేడు కూడా వేశారా?"

"వేశానండి. పోయినేడు ఇంకా ఎక్కువే వేశాను. అయినా ఆ అబ్బాయి రెండుసార్లకి మించి రాలేదు లెండి."

తిరుగు బస్సెక్కాం. ఆమె విన్నది, నేనూ విన్నాను. రెండేళ్లూ యూరియా తిన్న మళ్లలో మొదటి ఏడాది అంత అందమైన తేడా ఎట్లా వచ్చింది? సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు కూడా నేను ఆ పిల్లనే అనుమానించాను. ఇక సంతకం పెట్టకపోతే సంగతి బయటపెడతానంటుందేమోనని లోపల లెక్కలేసుకున్నాను. తెనాలిలో దిగాక ఆ పిల్ల మాత్రం, వెళ్లొస్తాను సార్ అని హాస్టల్‌కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బీరువాలోంచి ఆ మొదటి ఏడాది అబ్బాయి పొలం పుస్తకం తీశాను. చక్కటి దస్తూరి, కొట్టివేత ఒక్కటీ లేదు. అయిదో పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నలభై మొక్కల ఎత్తులు కొలిచి రాసిన ఆ తేదీన అతను పొలంలో లేడు. రేపల్లెలో రైతుల సమావేశానికి నేనే వెంట తీసుకెళ్లాను. పొద్దున్నించి సాయంత్రం దాకా నా లాప్‌టాప్ మోసుకుంటూ నా పక్కనే ఉన్నాడు, ఇద్దరం ఒకే బల్ల మీద భోజనం చేశాం. ఆ పేజీ కింద పచ్చసిరాతో నా సంతకం ఉంది.

మా విభాగాధిపతికి చూపించాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, "ఎందుకు సార్ పాతవి తవ్వడం? ఈ అమ్మాయిని పంట చెడిందని రాయమనండి, ఇంకో ఏడాది చేస్తుంది. ఎవరికీ నష్టం లేదు," అన్నాడు. రెండు రోజులు ఆ మాట నాకు హాయిగానే ఉంది. ఏడాది పోయేది ఆ పిల్లకి, శాలువా మిగిలేది నాకు. మూడో రోజు, పేపరు అచ్చేసిన పరిశోధన పత్రికవాళ్లకి దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాశాను, అవార్డిచ్చిన సంఘానికి ఇంకొకటి రాశాను. భయపడుతూనే పంపాను, దాచుకోవడం దేనికి. ఆ తర్వాత అమ్మాయిని పిలిచి, పెద్దమ్మ యూరియా వేసిన సంగతి కూడా థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాయించి, సంతకం పెట్టి ఇచ్చాను. రాసిన ఉత్తరాల సంగతీ, అతని పుస్తకంలో దొరికిన రేపల్లె తేదీ సంగతీ చెప్పాను.

కాగితాలు సర్దుకుని తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఒకటి అడగనా సార్? నా పుస్తకం మూడుసార్లు తిరగేశారు. అతని పుస్తకం ఒక్కసారి చూస్తే రేపల్లె వెళ్లిన రోజు కనపడేది కదండి. ఎందుకు చూడలేదు?"

పని ఎక్కువైందని చెబుదామనుకున్నాను. నమ్మకమని చెబుదామనుకున్నాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"నాకు కావాల్సిన అంకెలు రాశాడమ్మా," అన్నాను.