ఖాదర్ మాస్టారు నేసిన ఆఖరి జానెడు

తాడేపల్లిగూడెం స్టేషన్లో ఏలూరు రైలు కోసం నిలబడి ఉండగా పెద్దింట్లు ఫోన్ చేసింది. పెద్దింట్లుది కొల్లేటికోట, మా తివాచీల ఫ్యాక్టరీలో మగ్గం మీద పని. "మాస్టారు పోయారండీ" అంది. ఏ మాస్టారని నేను అడగలేదు. మాకున్నది ఒక్క మాస్టారే. రైలెక్కాను, ఏలూరులో దిగాను. మధ్యలో ఏమేం స్టేషన్లు వచ్చాయో తెలియదు. నలభై ఏళ్ళకు పైగా ఏలూరు మగ్గాలకు ప్రాణంగా నిలిచిన కళాకోవిదులు, సౌజన్యమూర్తి షేక్ ఖాదర్ బాషా గారు దివంగతులయ్యారు. ఈ వాక్యం రాయడానికి ఈ వారంలో మూడుసార్లు కూర్చుని లేచాను.

నేను అక్కడ ఆర్డర్లు చూసే మేనేజర్ని. పన్నెండేళ్ళ క్రితం చేరినప్పుడు వయసు తక్కువ, తెలివి ఎక్కువ అనుకునేదాన్ని. మా వాళ్ళది గూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. పని అంటే లారీలోకి బస్తా ఎక్కించడం, బస్తా దించడం అని చూస్తూ పెరిగాను. మొదటి రోజే, ఏ మగ్గం రోజుకి ఎన్ని వరసలు నేయాలో చార్టు గీసి తీసుకెళ్ళాను. మాస్టారు దాన్ని మర్యాదగా రెండువైపులా చూసి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. తరువాత ఒక తివాచీని తిరగేసి పరిచి, కళ్ళు మూసుకుని వెనకవైపు చేత్తో తడమమన్నారు.

"ఇక్కడ ముడులు దగ్గరగా, బిగువుగా తగులుతున్నాయా అమ్మాయిగారూ? ఇది పొద్దుటి పనండి. ఈ జానెడు చూడండి, వదులుగా ఉంది. ఇది చీకటిపడ్డాక కూర్చోబెట్టి నేయించింది. మనిషి అలిసిపోయాడని నోటితో చెప్పకపోయినా వేళ్ళు చెప్పేస్తాయండీ."

నిజం చెప్పాలంటే నా చేతికి ఏమీ తెలియలేదు. కొత్తగా వచ్చిన పిల్లని ఆట పట్టిస్తున్నారనుకున్నాను. పంతంకొద్దీ హాజరు పుస్తకం తీసి చూస్తే, ఆయన చెప్పిన జానెడు నేసిన వారమంతా అర్జెంటు ఆర్డరు కోసం ఓవర్‌టైమే. నా చార్టు సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మగ్గానికి ఒక ఆచారం ఉంది. ఎత్తుకున్న వరస పూర్తిచేయకుండా మగ్గం దిగకూడదు. ఈ ఆచారం యజమానులకు భలే కలిసొచ్చింది. ఐదింటికి గంట కొట్టేసరికి ఎవరో ఒకరు వరస మధ్యలో ఉంటారు, అది అయ్యేసరికి ఐదున్నర అవుతుంది, కొల్లేరు వైపు వెళ్ళే బస్సు వెళ్ళిపోతుంది. మాస్టారు ఆచారం తప్పలేదు, దాన్ని ఎదిరించనూ లేదు. సరిగ్గా పావుతక్కువ ఐదుకి లేచి, "ఆఖరి వరసండీ" అనేవారు. ఆ మాట తరువాత కొత్త వరస ఎవరూ ఎత్తుకోకూడదు. ఐదింటికి అందరూ చెప్పులు తొడుక్కుంటూ ఉండేవారు. పెద్దింట్లు తన పిల్లలిద్దరికీ రోజూ వేడన్నం పెట్టగలిగిందంటే ఆ ఒక్క మాట వల్లనే. ఈ సంగతి తనే నాతో చెప్పింది.

ఒకసారి మా యజమానికి ఎవరో సలహా ఇచ్చారు, నెలజీతం వల్ల సోమరితనం పెరుగుతోంది, వరసకు ఇంత అని కూలి పెట్టమని. ఆయనకీ నచ్చింది. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నాకూ నచ్చింది. మాస్టారు గొంతు పెంచే మనిషి కాదు. "వరసకి కూలి ఇస్తే వరసలే వస్తాయండీ, తివాచీ రాదు. ఒక్క మగ్గం మీద చేసి చూడండి" అన్నారు. చూశాం. చకచకా వరసలు పెరిగాయి. మధ్యాహ్నం భోజనాలు మగ్గం మీదే సాగాయి. పక్కవాడి దారం తెగితే అందించే నాథుడు లేడు. తివాచీ దించి నేల మీద పరిస్తే నడుము దగ్గర లోపలికి పోయి, ఒక అంచు పాములా వంకరపోయింది. హడావుడిలో దారం లాగేసి బిగించిన ఫలితం. కొన్నవాళ్ళు తిప్పి పంపారు. మరుసటి నెల నుంచి అందరికీ మళ్ళీ నెలజీతమే, పైపెచ్చు కొంచెం పెంచారు కూడా.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేసి కూర్చోబెడితే ఆయనే నవ్వుతారు. కంప్యూటర్లో గీసిన డిజైనంటే ఆయనకి మంట. టీ చల్లారితే మొహం మాడ్చుకునేవారు. అన్నిటికన్నా పెద్ద లోపం, అందరినీ ఐదింటికి ఇంటికి పంపి, తను మాత్రం మగ్గం మగ్గం దగ్గరా ఆగి ముడులు తడుముతూ ఉండిపోవడం. ఆయన భార్య జైనబ్ గారు ఓసారి నాతో, "ఊరందరికీ సెలవులిప్పిస్తారమ్మా, ఈయనకి సెలవిచ్చేవాళ్ళు లేరు" అన్నారు. నేను నవ్వేశాను. సెలవు పుస్తకం నా బల్ల మీదే ఉండేది. ఆ మాట నాకెందుకు తగల్లేదో ఇప్పటికీ అర్థం కాదు.

రెండు నెలల క్రితం పెద్ద ఆర్డరొకటి ముగింపుకొచ్చింది. చివరి అంచు పని కష్టమైనది, మాస్టారూ పెద్దింట్లూ పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. ఒక రోజు ఆయన ఆఫీసు గదిలోకొచ్చి, కుర్చీ పట్టుకుని నిలబడి, "ఈ వారం కూర్చోలేనేమో అండీ, ఆయాసంగా ఉంటోంది" అన్నారు. అన్నేళ్ళలో ఆయన తన కోసం అడిగింది అదొక్కటే.

"ఈ ఒక్క జానెడూ అయిపోనివ్వండి మాస్టారూ. తరువాత నెల రోజులు విశ్రాంతి తీసుకోండి" అన్నాను.

"అలాగేనండి" అన్నారు. గదిలోంచి మగ్గం దగ్గరికే వెళ్ళారు. జానెడూ పూర్తిచేశారు. తివాచీ దించిన మరునాడు ఆసుపత్రిలో చేరారు, మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. గుండె ఎప్పటినుంచో బలహీనంగా ఉందని, ఆ వారం వల్ల కాదని డాక్టరుగారు చెప్పారట. జైనబ్ గారు కూడా నా చెయ్యి పట్టుకుని అదే మాట అన్నారు. వాళ్ళ మంచితనానికి నమస్కారం.

ఖననం మరునాడు ఫ్యాక్టరీ తెరిచాం. పావుతక్కువ ఐదయ్యేసరికి మగ్గాల చప్పుడు దానంతటదే తగ్గింది. ఎవరూ ఎవరివైపూ చూడలేదు. చివరికి పెద్దింట్లు లేచి, తడబడుతూ "ఆఖరి వరసండీ" అంది. ఐదింటికి అందరూ వెళ్ళారు. ఇకపై ఆ మాట రోజూ వినిపిస్తుంది, ఆ అధికారం పెద్దింట్లుదేనని యజమాని ఒప్పుకున్నారు. కానీ వెనకవైపు చేత్తో తడిమి మనిషి కష్టాన్ని గుర్తుపట్టే ఆ కరస్పర్శను ఎవరికి అప్పగించగలం? ఆ స్థానం శూన్యంగానే ఉండిపోతుంది.

వాళ్ళందరూ వెళ్ళాక నేను గోడౌన్లోకి వెళ్ళాను. రెండు నెలలైనా కొన్నవాళ్ళు తీసుకెళ్ళకపోవడంతో ఆ తివాచీ ఇంకా అక్కడే ప్యాకింగు కోసం చుట్టిపెట్టి ఉంది. విప్పి, తిరగేసి, చివరి అంచు దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నాను. పన్నెండేళ్ళుగా ఆయన చూపించగా ఎన్నో తివాచీలు తడిమాను గాని, ఏనాడూ నా చేతికి తేడా తెలియలేదు, తెలిసినట్టు తలూపేదాన్ని. కుడివైపు పెద్దింట్లు నేసిన సగం బిగువుగా ఉంది. ఎడమవైపుకి జరుగుతూ వచ్చాను. అక్కడ ముడులు నా వేళ్ళ కింద మెత్తగా, వదులుగా కదిలాయి. జానెడు పొడవునా అంతే.

మాస్టారూ, నాకు తెలిసిందండీ.