పెద్ద ఫిడేలు కడుపులో పుల్ల

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. దొరల క్లబ్బులో సాయంత్రాలు వాయించడానికి చెన్నపట్నం నుంచి ఒక బ్యాండు దిగింది. వాళ్లతోపాటు కాకినాడ రేవులో ఒక పెద్ద ఫిడేలు కూడా దిగింది. డబల్ బాస్ అంటారట. మనిషికన్నా ఎత్తు. నడుము మా అక్క అత్తగారి నడుమంత. ఓడలో ఏ బస్తా మీద పడిందో గాని, మెడ విరిగి, వీపు పలక ఊడి మా పాకకు వచ్చింది.

మా పాక అంటే మా బావ పాక. అక్క మొగుడు. పడవలు చేసే వడ్రంగి. అందులోనే ఒక మూల కూర్చుని నేను వీణలూ ఫిడేళ్లూ బాగుచేసేవాణ్ణి. వీధిబడిలో పంతులుగారి గొంతు పంతులుగారి ఎదుటే అనుకరించి, ఆ పూటతో చదువు ముగించుకున్నవాణ్ణి. కనుక బావ దృష్టిలో నేనెందుకూ పనికిరాను.

ఆ వేసవంతా ఆ ఫిడేలుతోనే గడిపాను. మెడ అతికాను. వీపు పలకకు ఆవిరి పట్టి దారికి తెచ్చాను. తీగలు మోసే కొయ్యను గుర్రం అంటాం. అది ఎత్తయితే వాయించేవాడి వేళ్లు బొబ్బలెక్కుతాయి, పొట్టయితే తీగ గరగరమంటుంది. చెక్కి చెక్కి దాన్నీ కుదిర్చాను. అన్నిటికన్నా ముఖ్యం కడుపులో పుల్ల. గుర్రం కాలికి కాస్త వెనగ్గా, సన్న తీగ వైపు, రెండు పలకల మధ్య ఊరికే నిలబడి ఉంటుంది. బంక లేదు, మేకు లేదు. తీగలు బిగిస్తే ఆ ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. చిన్న ఫిడేలుకైనా ఇంతే. పుల్ల గోరంత జరిగితే గొంతు మారిపోతుంది.

బ్యాండులో దాన్ని వాయించే ఆయన చూడటానికి వచ్చాడు. తీగలు మీటి, తల ఊపి, "ఎవరండీ చేసింది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా బావ తలపాగా సర్దుకుంటూ ముందుకొచ్చాడు.

"నేనేనండి. ఇంకెవరున్నారండి ఇక్కడ?"

"మరి ఈయన?"

"వీడా? మా బామ్మర్దండి. బంక కాస్తాడు. అందులోనూ బంక తక్కువ, కబుర్లెక్కువ."

పాకలో పనివాళ్లందరూ నవ్వారు. నేనెన్ని హాస్యాలాడినా ఏనాడూ పళ్లు కనిపించనివ్వని వాళ్లు!

"ఆదివారం విల్లుతో వాయించి చూస్తానండి. నచ్చితే ఇలాంటిదే విరిగింది ఇంకోటుంది, అదీ మీకే ఇస్తాను మేస్త్రిగారూ" అని ఆయన వెళ్లిపోయాడు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ పని నాదని, నవ్విన వాళ్ల ముందే, బావ నోటితోనే చెప్పించాలి.

అందరూ భోజనాలకు లేవగానే తీగలన్నీ వదులుచేసి ఫిడేలును పక్కకు ఒరిగించాను. లోపల పుల్ల టక్కున పడింది. ఎందరో విద్వాంసుల వాద్యాలు విన్నాను గాని, అంత తీయని చప్పుడు ఎక్కడా వినలేదు.

"జ్వరంగా ఉంది బావా, ధవళేశ్వరంలో చుట్టాలింటికి వెళ్లొస్తా."

"జ్వరమొస్తే చుట్టాలింటికెళ్తారేంట్రా?"

"ఇక్కడే ఉంటే మీ అమ్మగారు పథ్యం పెడతారు కదా."

ఆదివారానికి తిరిగొచ్చి చూద్దును కదా, బావ నేను కోరుకున్నదానికన్నా ఎక్కువే చేసిపెట్టాడు. పడవకు తెరచాప కొయ్య నడిమధ్య నిలబెట్టడమే ఆయనకు తెలుసు. నా పుల్ల సన్నగా ఉండి పడిపోయిందని, ముందు పలకకుండే కన్నంలో పట్టినంత లావు టేకు పుల్ల చెక్కి, పట్టకారుతో దూర్చి, నడిమధ్యన బంకతో అతికించాడు. ఎండకు వీపు అతుకు వెంట్రుకంత విచ్చితే, పడవ సందులు పూడ్చినట్టే నూనె దూదీ గుగ్గిలమూ కూరాడు. వెల్లకిలా గోదాట్లో వదిలితే యానాం దాకా చుక్క నీరు పట్టకుండా పోయేది.

బ్యాండాయన విల్లు లాగాడు. వడ్ల బస్తా ఈడ్చిన చప్పుడు వచ్చింది.

"మేస్త్రిగారూ, మొన్న పలికింది కదండీ? ఇవాళ చచ్చిపోయిందేంటండీ?"

"చలికి గొంతు పట్టేసిందేమోనండి."

"ఈ ఎండలో చలేంటి బావా?" అన్నాను.

బావ నా వైపు చూశాడు. ఆ చూపు కోసమే ధవళేశ్వరం నుంచి నడిచొచ్చాను.

"ఒరేయ్, నువ్వోసారి చూడరా."

"నేనా? బంక కాసేవాణ్ణి బావా. కావాలంటే కబుర్లు చెబుతా."

బ్యాండాయన విల్లు సంచిలో పెట్టుకుంటూ, "రెండూ చెన్నపట్నం పంపించేస్తానండి" అన్నాడు.

"ఉండండి బాబూ! అది... వీడే చేశాడండి."

"ఏంటి బావా? అవతల పడవ దగ్గరున్నవాళ్లకి వినపడలేదంట."

"మెడ దగ్గర్నుంచి తీగల దాకా మా బామ్మర్దే చేశాడండి! నేను పుల్ల పెట్టి పాడుచేశాను!"

పనివాళ్లు మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు సరైన మనిషి మీద పడింది.

అక్కడితో వదిలేస్తే నేను మంచివాణ్ణని పేరొచ్చేది. "బంక కాయి బావా" అన్నాను. రోహిణీ కార్తె ఎండలో, పొయ్యి ముందు, తోలు బంక కంపులో బావ చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. నేను తొందరపడలేదు. టేకు పుల్లను కన్నంలోంచి నెమ్మదిగా గీకి ఊడదీసి, దూది పీకి, అతుకు అతికాను. బంక ఆరిన రోజు నా పుల్ల నిలబెట్టి, తీగలు బిగించి, బ్యాండాయనకు అందించాను. ఆయన విల్లు లాగితే పాక తాటాకులు వణికాయి. పాదాల కింద నేల పలికింది. రెండో ఫిడేలు నా మూలకే వచ్చింది.

బావ చెక్కిన పుల్లను నేను పారెయ్యలేదు. నా మూలకు తడికలు కట్టి తలుపు పెట్టుకుని, గొళ్లెంలో దాన్నే దోపాను. నా ఉలి కావాలన్నా, నా రంపం కావాలన్నా బావ తన చేత్తో ఆ పుల్ల తీసి లోపలికెళ్లాలి. బయట కూర్చుని నేను చూస్తుంటాను.

"ఇంకా ఎన్నాళ్లురా ఈ కక్ష?" అంది అక్క ఒకసారి, అన్నం వడ్డిస్తూ.

"టేకు పుల్ల కదా అక్కా," అన్నాను బావ వైపు తిరిగి, "మీ ఆయన పనితనం అంత త్వరగా పుచ్చదు."