అధ్యక్షా, గాదర్‌కోల్ గారు మళ్ళీ లేచారు

విల్ఫ్రెడ్ గాదర్‌కోల్ గారికి ఒకే ఒక్క జబ్బు. ప్రపంచంలో ఏది కాస్త పక్కకి ఒరిగినా సరే, లేచి నిలబడి "అధ్యక్షా! పాయింట్ ఆఫ్ ఆర్డర్!" అంటారు. తను సభ్యుడిగా ఉన్న లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ సభలో అంటే సరే, అక్కడ వినడానికి స్పీకరు అనే ఆయన ఒకరుంటారు. ఈయన క్షవరం కుర్చీలో కూడా అంటారు. గడ్డానికి సబ్బు పూశాక అంటారు. నురగంతా మంగలి చొక్కా మీద పడుతుంది.

ఈ సంగతి హెస్టర్ పుల్లన్‌కి ఆవిడ గెలిచి సభలో కాలుపెట్టిన వారంలోనే తెలిసింది. చెప్పింది మరెవరో కాదు, సాక్షాత్తూ గాదర్‌కోల్ గారి భార్య ఎనిడ్.

"మా పెళ్ళిలో పాదిరిగారు 'ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉందా' అని అడిగారమ్మా. చర్చి అంతా నిశ్శబ్దం. ఎవరు నోరు తెరిచారనుకున్నావు? పెళ్ళికొడుకు!"

"అయ్యో! అభ్యంతరం చెప్పారా?"

"చెప్పడమా! 'అధ్యక్షా, అభ్యంతరాలకి చాలినంత వ్యవధి ఇవ్వలేదు' అన్నాడు. మా అమ్మ పక్కవాళ్ళ ఒళ్ళో పడిపోయింది. పాదిరిగారు పాపం ఇంకో నిమిషం ఇచ్చారు. ఎవరూ లేవలేదు. అప్పుడుగాని జేబులోంచి ఉంగరం తియ్యలేదు మహానుభావుడు."

అయితే ఈయనలో ఒక సుగుణం ఉంది. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు 'కూర్చోండి' అంటే చాలు, మారుమాట లేకుండా కూర్చుంటారు. ఆ స్థానంలో ఎవరున్నా సరే. ఈ కిటుకుని మొదట కనిపెట్టింది సభ క్యాంటీన్లో టీ పోసే డాట్. ఒకరోజు గాదర్‌కోల్ గారు తన బన్నులో ఎండుద్రాక్షలు పక్కవాడి బన్నులోకంటే తక్కువున్నాయని లేచారు. అది సభ్యుల సమానత్వానికి భంగమట. డాట్ టీ కెటిల్ బల్లమీద ఠప్పున కొట్టి, "మీ పాయింటు చెల్లదు. కూర్చోండి" అంది. ఆయన వంగి నమస్కరించి కూర్చుని, ఆ బన్నే తిన్నారు. అప్పట్నుంచి ఆవిడని కూడా అధ్యక్షా అనే పిలుస్తారు.

హెస్టర్ ప్రతిపక్షం మనిషి, గాదర్‌కోల్ గారు ప్రభుత్వ పక్షం. ఇద్దరివీ వెనక బెంచీలే. వెనక బెంచీ సభ్యుల సొంత బిల్లులకి దక్కేది శుక్రవారం ఒక్కటే, అదీ మధ్యాహ్నం రెండున్నర దాకానే. ఆలోగా చర్చ తెమిలితే బిల్లు బతుకుతుంది, తెమలకపోతే దాని పని సరి.

హెస్టర్ బిల్లు చిన్నది. ఆవిడ ఊరు సాండ్‌వైక్ ఒడ్డున ఇసుక మైళ్ళ కొద్దీ ఉంటుంది. ఆడా మగా దాంట్లోకి నడిచి వెళ్ళి సముద్రపు గుల్లలు ఏరుకుని అమ్ముకుంటారు. పొగమంచులో పోటు వెనకనుంచి వస్తుంది. వచ్చినట్టు తెలిసేసరికి నడుం దాకా నీళ్ళుంటాయి. ఇలాంటి తీరాల్లో హెచ్చరిక సైరన్ పెట్టి తీరాలని బిల్లు. ప్రభుత్వానికి అది ఇష్టం లేదు. వద్దని ఓటేస్తే జనం తిడతారు కాబట్టి, మాట్లాడి మాట్లాడి రెండున్నర చేద్దామని నిర్ణయించుకుంది.

ఆ పని కట్టబెట్టిన మంత్రిగారు పదకొండున్నరకి లేచి సముద్రం ఉప్పగా ఎందుకుంటుంది అన్నదగ్గర మొదలుపెట్టారు. అది చాలదన్నట్టు, అంతకుముందు హెస్టర్ మాట్లాడుతున్నప్పుడు గాదర్‌కోల్ గారు లేచి గోడ గడియారం కంటే తన గడియారం వెనక ఉందనీ, సభ ఏ గడియారాన్ని నమ్మాలో సెలవియ్యాలనీ స్పీకరుని అడిగారు. స్పీకరుగారు గోడది నమ్మమన్నారు. ఆయన కూర్చున్నారు. హెస్టర్ కడుపు మాత్రం మండిపోయింది. మంత్రిగారు నత్తల దగ్గరికి వచ్చేసరికి ఇక వినలేక క్యాంటీన్‌కి పోతే, అక్కడ ఈయనే బన్ను ముందేసుకుని ఉన్నారు.

"ఏమండీ, మీకేం ద్రోహం చేశాను నేను? ఉన్న కాస్త టైమూ మీ గడియారానికి ధారపోశారు!"

"లేచి నిలబడే హక్కు తప్ప వెనక బెంచీ వాడికి వేరే ఆస్తి ఏముందమ్మా? దాన్ని వాడకపోతే తుప్పు పడుతుంది."

"ఆస్తి గురించి మీరు మాట్లాడుకోండి. పోయిన చలికాలం మా వీధిలో పెగ్గీ అని, ముగ్గురు పిల్లల తల్లి, మెడ దాకా నీళ్ళలో నిలబడి అరిచింది. ఒడ్డున ఉన్నవాళ్ళకి వినపడలేదు. అదృష్టం బాగుండి ఎవరి కుక్కో మొరిగింది. ఈసారి కుక్క లేకపోతే?"

గాదర్‌కోల్ గారు తినకుండానే బన్ను పక్కకి జరిపారు. డాట్ గాభరాపడి "ఒంట్లో బాగుందా మీకు?" అని అడిగింది.

మంత్రిగారి ఉపన్యాసం ఆపడానికి దారి ఒకటే ఉంది. ఇక చర్చ చాలించమని ఓటింగ్ పెట్టాలి. చాలించమనేవాళ్ళు కనీసం నూరుగురు ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నం సగంమంది ఊళ్ళకి పోయి ఉంటారు. అయినా హెస్టర్ తెగించి రెండు దాటగానే లేచి అడిగేసింది. గంటలు మోగాయి. సభ్యులు బిలబిలమంటూ, అవుననేవాళ్ళు ఒకదాంట్లోకి, కాదనేవాళ్ళు ఇంకోదాంట్లోకి, ఓట్ల గదుల్లోకి పోతున్నారు. ఎనిమిది నిమిషాలయ్యాక స్పీకరు తలుపులు మూయమంటారు. ఆ తర్వాత వచ్చినవాడి ఓటు లేదు.

హెస్టర్ ఓట్ల గది గుమ్మంలో నిలబడి ఆత్రంగా చూస్తోంది. లోపల లెక్కపెడుతున్న మిత్రుడు పరిగెత్తుకొచ్చాడు.

"తొంభై తొమ్మిది!"

"మన పక్షం ఓల్డ్‌రాయ్డ్ గారు రావాలిగా, ఆయనేరీ?"

"అడుగో, దేకుతున్నాడు!"

అంత దూరాన, పొడుగాటి వసారా చివర ఓల్డ్‌రాయ్డ్ గారు కనపడ్డారు. భారీ మనిషి, పైగా కాలి బొటనవేలు వాచి సొరకాయంత అయింది. ఒక చేతిలో కర్ర, రెండో పక్క గోడ. అడుగు వేస్తారు, అబ్బా అంటారు, ఆగుతారు. సమయం అయిపోయింది. స్పీకరుగారు తలుపులు మూయమనడానికి నోరు తెరిచారు.

"అధ్యక్షా! పాయింట్ ఆఫ్ ఆర్డర్!"

హెస్టర్ తల పట్టుకుంది. ఇప్పుడు కూడానా ఈ ముసలాయన!

ఆ సభలో ఒక పాత ఆచారం ఉంది. ఓటింగ్ జరుగుతుండగా ఎవరైనా పాయింట్ లేవనెత్తాలంటే నిలబడకూడదు. కూర్చుని, నెత్తిన టోపీ పెట్టుకుని మాట్లాడాలి. ఈ కాలంలో టోపీలెవరు పెడుతున్నారు? అందుకని సభే, లోపలి స్ప్రింగుతో లేచి నిలబడే నల్లటి మడత టోపీ ఒకటి ఉంచింది. మొత్తం సభకి అదొక్కటే. ఇప్పుడది గాదర్‌కోల్ గారి నెత్తిన ఉంది.

"అధ్యక్షా, ఈ టోపీ నాకు బిగుతుగా ఉంది. చెవులకి పైనే ఆగిపోయింది. తలమీదికి దిగని టోపీ, పెట్టుకున్న టోపీ కిందికి వస్తుందా?"

"వస్తుంది" అన్నారు స్పీకరు.

"శిరోధార్యం. మరైతే ఇంకో పాయింటు. స్ప్రింగు పోయి ఇది మడతపడిపోయింది. మడతపడ్డ టోపీతో నేను మాట్లాడవచ్చా? మాట్లాడకూడదంటే, ఆ మాట అడగడానికి నేనిప్పుడు ఏం పెట్టుకోవాలి?"

ప్రభుత్వ పక్షం విప్ ట్రబ్‌షా ఎగిరి దూకాడు. "స్పీకర్ సార్, టైమైపోయింది! తలుపులు..."

"గౌరవ సభ్యులు నిలబడి ఉన్నారు" అన్నారు స్పీకరు. ఆయన కళ్ళు ఒకసారి వసారా వైపు పోయి వచ్చాయి. "ఓటింగప్పుడు టోపీ లేకుండా మాట్లాడరాదు."

"టోపీ ఆయన దగ్గరుంది కదండీ!"

"అయితే ఆయన పూర్తిచేసేదాకా ఆగాలి."

ట్రబ్‌షా జేబురుమాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. అది టోపీ కాదన్నారు. కాగితం పొట్లం చుట్టి పెట్టుకున్నాడు. అదీ కాదన్నారు. ఓల్డ్‌రాయ్డ్ గారు అబ్బా అంటూ ఇంకో అడుగు వేశారు.

"గాదర్‌కోల్ గారూ, ఆ స్ప్రింగు సంగతి కాస్త వివరంగా చెప్పండి" అన్నారు స్పీకరు.

గాదర్‌కోల్ గారు ఆనందంగా వివరించారు. టోపీ తీసి, తిప్పి, లోపలి పట్టీ చూపించి, మళ్ళీ పెట్టుకున్నారు. హెస్టర్‌కి అప్పుడు వెలిగింది. పొద్దున తన కాగితాల వరస తప్పి గుటకలు మింగుతున్నప్పుడే కదా, ఈయన గడియారం గొడవ మొదలుపెట్టారు! ఈలోగా ఆవిడ ఓల్డ్‌రాయ్డ్ గారి చంకలో చెయ్యి వేసి గుమ్మం లోపలికి లాగేసింది.

"నా సందేహం తీరింది అధ్యక్షా" అన్నారు గాదర్‌కోల్ గారు. తలుపులు మూసుకున్నాయి.

అనుకూలం సరిగ్గా నూరు. చర్చ ముగిసింది, జనం తిడతారని వద్దనేవాళ్ళు లేక ఆ వెంటనే బిల్లు గట్టెక్కింది. హెస్టర్ ముక్కు చీదుకుంటూ నవ్వుతూ సభలోకి వచ్చేసరికి, ట్రబ్‌షా గాదర్‌కోల్ గారి మీద నిప్పులు కక్కుతున్నాడు.

"నీ ఓటేదయ్యా? మన పక్షానికి వెయ్యవలసిన ఓటు!"

"తలుపులు మూసేశారు కదా బాబూ. నేను టోపీ పనిలో ఉన్నాను, తీరిక దొరకలేదు."

ట్రబ్‌షా ఉస్సురని పక్కన కూలబడ్డాడు. "నీ సంగతి నాకు తెలీదా? నేను మొదటిసారి మాట్లాడిన రోజు నాలుక పిడచకట్టుకుపోయింది. నువ్వు లేచి కిటికీలోంచి గాలి వస్తోందని గోల చేశావు. నిన్ను ఎంత తిట్టుకున్నానో! నేను గ్లాసుడు నీళ్ళు తాగేదాకా కూర్చోలేదు నువ్వు."

"ఆ రోజు నిజంగానే గాలి వచ్చింది" అన్నారు గాదర్‌కోల్ గారు నొచ్చుకుని.

హెస్టర్ అటువైపు బెంచీల దగ్గరికి దాటి వెళ్ళింది. "మీకెలా కృతజ్ఞత చెప్పుకోనండీ?"

"సభ నడుస్తుండగా వద్దమ్మా. ముందు నోటీసివ్వాలి, దానికి..."

ఆవిడ వంగి, మడతపడ్డ టోపీ కింద ఆ ముసలి బుగ్గమీద ఠక్కున ముద్దు పెట్టింది. గాదర్‌కోల్ గారి ముఖం బీట్‌రూట్ అయిపోయింది. ఇది ఏ నియమం కిందికి వస్తుందో తోచక, దిక్కులేనివాడిలా స్పీకరు వైపు చూశారు.

స్పీకరుగారు పైకప్పు చెక్కడాలని మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. "నేనేమీ చూడలేదు. కూర్చోండి గాదర్‌కోల్ గారూ" అన్నారు.

ఆయన అప్పటికే కూర్చుని ఉన్నారు. అయినా ఆజ్ఞ ఆజ్ఞే కనక, లేచి మళ్ళీ కూర్చున్నారు.