వదినగారి చెవి మిషను

ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. జాలి పడమని కాదు. ఆవిడంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

ఆవిడ మా ఆయనకు అక్క. తల్లి లేని తమ్ముణ్ణి పెంచిన మనిషి. పంతొమ్మిది వందల తొంభైల్లో, ఉత్తరాదిన మయూర్ విహార్‌లోని మా రెండు గదుల ఫ్లాట్‌లో మాతోనే ఉండేది. నా వంటకీ, నా నడకకీ, నా పుట్టింటికీ ఆవిడ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. పక్కింటి ఆంటీకి కూడా అర్థం కావాలని ఆ మాట హిందీలో మళ్లీ అనేది.

ఒకసారి బాత్‌రూమ్‌లో జారిపడింది. తుంటి విరిగితే పెద్ద ఆపరేషన్ చేశారు. ఈ వయసులో మత్తు దిగాక అయోమయపడే ప్రమాదముందని డాక్టరు ముందే హెచ్చరించారు. స్పృహ రాగానే కళ్లజోడు, చెవి మిషను మళ్లీ పెట్టాలి, ఎక్కడున్నారో చెబుతూ మాట్లాడిస్తూ ఉండాలి. ఆ పని నాకు అప్పగించారు.

స్పృహ రాగానే నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట: "నువ్వా? వాడేడీ?"

మిషను నా చేతిలోనే ఉంది. పెట్టలేదు. ఆవిడ చూస్తుండగానే కళ్లజోడుతో సహా నా సంచిలో పడేశాను. ఒక్క పూట ఆవిడ గొడవ లేకుండా ఉంటే చాలనుకున్నాను. నిజంగా అంతేనా? ఆవిడ భయపడితే చూడాలని కూడా అనిపించలేదూ?

భయపడింది. సాయంత్రానికి వార్డుబాయ్‌ని దొంగ అనుకుని అరిచి, సెలైన్ సూది పీకేసింది. చేతులు మంచానికి కట్టేశారు.

"దీదీ, ఇన్‌కీ కాన్ కీ మెషీన్ కహాఁ హై?" అని నర్సు చెవి మిషను సంగతి అడిగింది. ఇంట్లో మరిచిపోయానన్నాను.

మర్నాడు తెచ్చినట్టు నటించి పెట్టాను. ఆవిడ మెల్లగా తేరుకుంది. తమ్ముడు రాగానే చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, నా మిషను ఇది సంచిలో దాచేసిందిరా. నేను చూశాను."

ఆయన నావైపు తిరిగారు.

"ఇంకా ఏవేవో మాట్లాడుతున్నారండీ, పాపం" అన్నాను.

"సరే అక్కా, పడుకో" అని ఆయన ఆవిడ తల నిమిరారు.

ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఆవిడ ఏం చెప్పినా, కాలు నొప్పిగా ఉందన్నా సరే, నిజమేనా అన్నట్టు ఆయన మొదట నా మొహం చూసేవారు. అది నాకు బాగుండేది. చాలా బాగుండేది. క్రమంగా ఆవిడ మాట్లాడటమే మానేసింది, పోయేదాకా.

ఆపరేషన్‌తో అక్కకి మతి పోయిందని ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు. నేను పక్కనే కూర్చుని వింటుంటాను. ఆయనకు చెప్పే ధైర్యం నాకు రాదు.

తమ్ముడితో ఆ మాట చెప్పిన రోజు ఆవిడకు మతి బాగానే ఉంది. అబద్ధమాడింది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక కాస్త ఊపిరాడుతోంది. అంతకంటే నాకేం అక్కర్లేదు.