లచ్చుమక్క రాయి దగ్గర ఆగిన జీపు

మా ఊళ్లో ఈ సంగతి చెప్పేవాళ్లంతా ఒకటే అంటారు: లచ్చుమక్క రాయి దగ్గర దయ్యం మా జీపును పట్టుకుని ఆపేసిందని. తప్పు. జీపును ఏ దయ్యమూ ఆపలేదు. అది ఎందుకు ఆగిందో నాకు బాగా తెలుసు. దయ్యాలను నేను అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఫిజిక్సు చదువుకుని, ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పుకునే మనిషిని. అడిగినవాళ్లకల్లా విడమరిచి చెప్పీ చెప్పీ అలసిపోయాను. ఒకసారి రాసి పారేస్తే పీడ పోతుందని రాస్తున్నాను.

డెబ్బైల మధ్యలో జరిగింది. ఉరవకొండ పక్కన మా ఊరు. వరసగా మూడో ఏడు శనక్కాయ ఎండిపోయింది. మా నాయనకు ఒక పాత పెట్రోలు జీపు ఉండేది. ఓబులేసు దాని డ్రైవరు.

పొద్దున తాళం తిప్పగానే ఆ జీపు స్టార్టయ్యేది. కొంత దూరం పోయి ఆపితే మాత్రం మళ్లీ గంట దాకా మొండికేసేది. టౌనులో మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, చివరికి బ్యాటరీ మార్చాడు. ఏం లాభం? జబ్బు వేడి మీద. ఆయన చూసేదేమో ఎప్పుడూ బండి చల్లారాక.

ఊరివాళ్లకు మాత్రం ఇది దయ్యం పనేననడానికి గట్టి రుజువు దొరికింది. బండి ఎక్కువసార్లు మొండికేసేది అనంతపురం దారిలో మిట్ట మీదున్న లచ్చుమక్క రాయి దగ్గరే. వెనకటి కరువులో లచ్చుమక్క అనే ఆవిడ కడవెత్తుకుని నీళ్లకు పోయి, ఆ మిట్ట మీద పడి ప్రాణం వదిలిందట. ఆ దారిన పోయేవాళ్లు ఎవరైనా సరే, ఆగి ఆ రాయి మీద కాసిన్ని నీళ్లు పోయాలి. మోటారు బండైతే ఇంజను కూడా ఆపాలి, ఆమె ముందు రొద చేయకూడదని.

నేను నెల రోజులు గమనించాను. పెట్రోలు గొట్టమూ పంపూ సైలెన్సరు గొట్టానికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. మిట్ట ఎక్కేసరికి ఇంజను కుతకుతలాడుతుంటుంది. సరిగ్గా అక్కడే ఆపుతారు. పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది, ఆవిరిని పంపు తోడలేదు. పంపుకూ గొట్టానికీ తడిగుడ్డ చుట్టి ఐదు నిమిషాలు ఆగితే స్టార్టవుతుంది. రెండుసార్లు చేసి చూపించాను.

"నీ గుడ్డ వల్ల కాదక్కా. నేను ఆమెకు దండం పెట్టుకుంటి, అందుకే వచ్చిండాది" అన్నాడు ఓబులేసు.

"అట్లయితే ఈసారి గుడ్డ తీసేసి దండం ఒక్కటే పెట్టు, చూద్దాం" అన్నాను.

ఆ వైశాఖంలో నాయనకు ఉన్నట్టుండి కడుపునొప్పి, ఆగకుండా వాంతులు. పేగు మెలిబడిందన్నాడు ఉరవకొండ డాక్టరు. పొద్దు కుంకేలోపు అనంతపురం పెద్దాసుపత్రిలో కడుపు కోయకపోతే మనిషి దక్కడన్నాడు. నాయనను జీపు వెనక పడుకోబెట్టాం. పంపు చల్లార్చడానికని నేనే ఒక క్యాను నిండా నీళ్లు పెట్టుకున్నాను. ఒంటిగంటకు బయల్దేరాం, ముగ్గురమే.

మిట్ట మీదికి రాగానే ఓబులేసు బండి నిదానం చేశాడు.

"ఆపినావంటే చంపుతా" అన్నాను.

"పెద్దాయన ఇట్లుంటే, ఆమెకు నీళ్లు పోయకుండా ఎట్ల పోయేదక్కా?"

"ఆ యమ్మ దాహంతో చచ్చింది. నాయన నీ మూర్ఖత్వంతో చస్తాడు. పోనీ!"

వెనక నుంచి నాయన మూలిగాడు. "మీ తగువు సాలు మే. ఆపప్పా. పోసి పోదాం."

నాయన మాట ఓబులేసు దాటడు. బండి ఆపాడు, ఇంజనూ ఆపాడు. నేను దిగి వెనక్కి పోయి, నాయన వాంతి చేసుకుంటుంటే పట్టుకున్నాను. ఆ కాసేపట్లోనే ఓబులేసు క్యాను మొత్తం రాయి మీద కుమ్మరించేశాడు.

"పెద్దాయన కోసరం ఇంత ఎక్కువే పోసినా" అన్నాడు.

ఇక బండి స్టార్టు కాలేదు.

తిట్టడానికి కూడా ఓపిక లేదు. నాయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చోమని ఓబులేసుకు చెప్పి, ఖాళీ క్యాను పట్టుకుని, అరమైలు అవతల కనబడుతున్న బావి దగ్గరికి నడిచాను. అడుగున నెర్రెలు తప్ప ఏమీ లేదు. వెనక్కి నడుస్తుంటే చెప్పుల్లోంచి కూడా కాళ్లు కాలుతున్నాయి. ఆ బయల్లో రోడ్డు రెండు వైపులా మైలు పొడవునా కనిపిస్తుంది. ఎవరన్నా వస్తే నీళ్లు అడుగుదామని చూసుకుంటూనే వచ్చాను. మనిషి లేడు, గొర్రె లేదు, బండి లేదు.

జీపు బానెట్ ఎత్తి ఉంది. పంపు మీద, గొట్టం పొడవునా తడిగుడ్డ చుట్టి ఉంది. నీళ్లు కారుతున్నాయి. ముట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లన. ముతక నూలు గుడ్డ, మాది కాదు.

ఓబులేసు వెనక సీటులోనే ఉన్నాడు, నాయన తల అతని ఒళ్లోనే ఉంది.

"ఎవరొచ్చిరి? నీళ్లు యాడివి?" అన్నాను.

"అదేమక్కా అట్లడుగుతావు? ఇంతసేపూ బానెట్ కాడ ఉండింది నువ్వే కదా?"

బానెట్ దించి, నాయన తల నా ఒళ్లోకి తీసుకున్నాను. తోలమని సైగ చేశాను. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

సాయంత్రానికి ఆపరేషన్ అయింది. నాయన ఇంకా ఎనిమిదేళ్లు బతికాడు. గుడ్డ దారిలో ఎక్కడో జారిపోయింది, కాబట్టి నా దగ్గర రుజువు లేదు. ఓబులేసే చుట్టి బొంకాడందామా? ఖాళీ క్యాను నా చేతిలో ఉంది, అతని చేతులు పొడిగా ఉన్నాయి. గొర్రెల కాపరి ఎవడో వచ్చాడందామా? తాగడానికే చుక్క లేని ఏడు ఇంజనుకు పోసేవాడెవడు? పోసినా, మాట్లాడకుండా ఎందుకు పోతాడు? అంత బయల్లో నా కంట పడకుండా ఎటు పోతాడు?

ఆగినదానికి కారణం నేను చెప్పగలను, కదిలినదానికే చెప్పలేను. ఊరు దీన్ని తలకిందులు చేసి చెబుతుంది.

ఓబులేసు ఇప్పుడు గుమ్మఘట్ట వైపు లారీ తోలుతున్నాడు. కనిపించినప్పుడల్లా పట్టుకుని అడుగుతాను. ఎత్తిన బానెట్ అవతలి మనిషి మొహం వెనక సీటులోకి కనిపించదు, అది అతనూ ఒప్పుకుంటాడు. ఆ తర్వాతి ప్రశ్నకు మాత్రం "పోనీలే అక్కా" అని మొహం తిప్పుకుని లారీ ఎక్కేస్తాడు.

మొహం చూడనివాడు, ఏం చూసి నేననుకున్నాడు?