నల్లగుడ్డకు నాలుగు రంగులు

ఈ సంగతి ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు. చర్చి వార్షిక సంచికలో పూలు పెట్టినవారికీ, మైకు బాగుచేసినవారికీ కృతజ్ఞతలు చెప్పారు. పుస్తకాన్ని కాపాడిన నాకు చెప్పలేదు. కనుక నేనే రాస్తున్నాను.

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఫిబ్రవరిలో, మా విభాగం నన్ను ఇక్కడే సింగపూరులో ఉన్న ఒక పాత చర్చి పనిమీద పంపింది. నా హోదా సీనియర్ కన్సర్వేటర్, అంటే పాత పుస్తకాలకు వైద్యం చేసేవాణ్ణి. ఈసారి రోగి మధ్యయుగంలో చేత్తో రాసిన ప్రార్థన గీతాల పుస్తకం. ఎవరో మిషనరీ యూరప్ నుంచి తెచ్చారట. పుటలు దూడచర్మంవి. ప్రతి పాట మొదట్లో ఎరుపు, నీలం రంగుల్లో పెద్ద అక్షరం ఉంటుంది.

చర్మం తేమకు ముడుచుకుంటుంది. అద్దాల పెట్టెలో దానికి తగిన ఏర్పాటు చేశాను. వెలుతురుతో వచ్చే నష్టం వేరు. ఆ రంగులు ఒకసారి వెలిస్తే మళ్ళీ రావు. అందుకని చూసేవాళ్ళు లేనప్పుడు పెట్టెమీద మందపాటి నల్లగుడ్డ కప్పాలని చెప్పి, కొలతలు తీసి కుట్టించి, నేనే కప్పాను. చర్చివాళ్ళందరూ తలలూపారు.

అది తపస్సు కాలం. ఈస్టర్ ముందు వాళ్ళు విగ్రహాలన్నిటికీ ఊదారంగు ముసుగులు వేస్తారు. వాటి మధ్య నా గుడ్డ చక్కగా ఇమిడిపోయింది.

ఈస్టర్ మర్నాడు వెళ్తే గుడ్డ లేదు. కిటికీలోంచి వచ్చే ఎండ నేరుగా నీలం అక్షరం మీద పడుతోంది.

చర్చి వస్త్రాలన్నీ చూసుకునేది రోజమ్మగారు. గుంటూరు మనిషి, ఇప్పుడు ఉండేది ఈ ఊళ్ళోనే, బెడోక్‌లో. ఆవిణ్ణి అడిగాను.

"పండగైపోయింది కదా అన్నయ్యగారూ. ప్రభువు లేచాక ముసుగేంటి? అన్నిటితోపాటు తీసి బీరువాలో పెట్టా."

అది ముసుగు కాదు, వెలుతురుకు అడ్డు అన్నాను.

"ముందే చెప్పొద్దూ మరి? ఇప్పుడు నల్లగుడ్డ కప్పితే ఎవరో పోయారనుకుంటారు."

గుడ్డ కప్పిన రోజే చెప్పాను. ఆ రోజు అందరికన్నా ఎక్కువగా ఊగింది ఆవిడ తలే. నాకు బాగా గుర్తుంది.

ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. కుర్రాడు. అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆంటీ కబ్బర్డ్ లా, అంకుల్. మీ ఆల్సో మస్ట్ ఆస్క్." అంటే ఆ బీరువా ఆంటీది, తనైనా ఆవిణ్ణి అడగాల్సిందేనని.

మళ్ళీ రోజమ్మగారి దగ్గరికే వచ్చాను. ఇప్పుడు పండగ రంగు ఏదని అడిగాను. తెలుపన్నారు. నల్లగుడ్డకు పైన తెల్లగుడ్డ వేసి కుట్టించి తెచ్చాను. "ఇదైతే శుభ్రంగా ఉంది" అని ఆవిడే కప్పారు.

పెంతెకొస్తు పండక్కి ఎరుపు కావాలన్నారు. ఆ తర్వాత పండగల్లేని సాధారణ కాలానికి ఆకుపచ్చ. తపస్సు కాలానికి ఊదా ఎలాగూ తప్పదు. ఇలా ఒక పుస్తకానికి నాలుగు తొడుగులు కుట్టించిన కన్సర్వేటర్ని నేనే అయ్యుంటాను. మా డైరెక్టరు మీటింగులో నన్ను దర్జీగారూ అన్నారు. అదీ మర్చిపోలేదు.

ఈ పనివల్ల తెలిసింది ఇది: పాత పుస్తకాన్ని కాపాడాలంటే వెలుతురు కొలిచే ముందు, ఆ చోట గుడ్డలు ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కోవాలి.

రిటైరయ్యాక కూడా మా ఇల్లున్న క్లెమెంటి నుంచి రైలెక్కి వెళ్ళి చూసి వస్తుంటాను. మొన్న ఆదివారం పెట్టెమీద ఏ తొడుగూ లేదు, నీలం అక్షరం ఎండలో ఉంది. ఆకుపచ్చది బీరువాలో ఉందట. రోజమ్మగారు గుంటూరు వెళ్ళారట. చర్చి కమిటీలో ముగ్గురిని ఆ తొడుగు తీసిమ్మని అడిగాను, ముగ్గురూ నవ్వేశారు. నవ్వు జవాబు కాదు. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈసారైనా ఎవరో ఒకరు చెప్పాలి.